గట్టిగా కాదు, తేటగా

పోయిన నెల ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్ళు పోసే సంగతి రాసినాను. ఈ నెల ఫ్యాను రెగ్యులేటరు గురించి రాస్తానని మాట ఇచ్చుంటిని. దాన్ని వచ్చే నెలకు పెట్టుకుందాం. మన కాలనీ హాలు మైకుసెట్టు గురించి ఒక సంగతి చెప్పాల. అందులో తప్పు నాది కూడా ఉండాది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను.

మిల్లుల్లో పనిచేసి రిటైరైన మనవాళ్ళకు ఇ.పి.ఎఫ్. పింఛను వస్తుంది కదా. 2014 సెప్టెంబరు నుంచి అది కనీసం నెలకు వెయ్యి రూపాయలు. ఏడాదికొకసారి ‘నేను బతికే ఉండాను’ అని జీవన ప్రమాణ పత్రం ఇయ్యాల. గడువు దాటితే పింఛను నిలిచిపోతుంది. ఆ పత్రం ఇప్పించడానికి మన హాల్లోనే ఒకరోజు శిబిరం పెడుతున్నామని ఆదివారం మీటింగులో మైకులో చెప్పినారు. తేదీ పదిహేను. మా మేనత్త వెనక వరండాలో కూర్చునుండె. ఆమెకు అది పదిహేడు అని వినిపించింది. పదిహేడో తేదీ పొద్దున్నే పాస్‌బుక్కు, ఆధారు కార్డు సంచిలో పెట్టుకుని వస్తే హాలుకు తాళం ఏసి ఉండాది.

ఆమె పత్రం గడువు సరిగ్గా ఆ నెలతోనే అయిపోయింది. ఆ మరుసటి నెల పింఛను పడలే. హోసూరు టౌనులోకి పోయి వేలిముద్ర పెడదామంటే, ఇరవై ఎనిమిదేళ్ళు రింగ్‌ఫ్రేము కాడ తెగిన నూలు అతికిన వేళ్ళు కదా, గీతలు అరిగిపోయినాయి. మిషను ముద్ర తీసుకోలే. రెండు దినాలు తిరిగినాక పని అయింది. పింఛనూ వచ్చింది. కానీ ఆ రెండు దినాలు ఆమెతో తిరిగిన కోడలికి కూలి పోయింది, ఆటో ఖర్చు అయింది.

నేను అడిగితిని: “ఏమత్తా, మైకులో అంత గట్టిగా చెప్తిమి కదా, వినపడలేదా?”

ఆమె అనింది: “గట్టిగా వినపడిందిరా. ఏం చెప్తా ఉండారో అదే తెలీలే.”

ఆ దినం ఆంప్లిఫైరు కాడ కూర్చున్నది నేనే. వెనకనుంచి ఎవరో చెయ్యి ఊపితే సౌండు పెంచితిని. మళ్ళీ ఊపితే మళ్ళీ పెంచితిని. మిల్లులో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినోణ్ణి. వాళ్ళు గట్టిగా కావాలని ఊపలేదు, తెలీడం లేదని ఊపినారని నాకు ఆపొద్దు తోచలే.

మన చెవుల సంగతి

రింగ్‌ఫ్రేములు నడిచే షెడ్డులో పక్కన నిలబడినవాళ్ళతో మాట్లాడాలన్నా చెవిలో అరవాల. మన ఆడోళ్ళు పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకోవడం ఆడే నేర్చుకున్నారు. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్సు దాటకూడదని మన దేశంలో నియమం. 95 అయితే నాలుగు గంటలే, 100 అయితే రెండు గంటలే ఉండొచ్చు. శబ్దంతో చెవి పోవడాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వృత్తి జబ్బుల పట్టీలో చేర్చినారు. అంటే ఇది ముసలితనంతో వచ్చే చెవుడు ఒక్కటే కాదు, పనితో వచ్చిన జబ్బు అని చట్టమే ఒప్పుకుంటా ఉండాది.

ఈ చెవుడుకు ఒక గుణం ఉంది. చెవి మొత్తంగా ఒకేసారి పోదు. సన్న స్వరాలు వినే భాగం ముందు దెబ్బతింటుంది. నాలుగు వేల హెర్ట్జుల చుట్టుపట్ల మొదలవుతుంది. మన మాటలో ఆ, ఈ, ఊ అనే అచ్చులు లావు స్వరంలో ఉంటాయి, బలంగా ఉంటాయి. స, శ, చ, ట, త, క లాంటి హల్లుల గీత పైన, సన్న స్వరంలో ఉంటుంది, బలం కూడా తక్కువ. చెవి దెబ్బతిన్నవాళ్ళకు అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడతా ఉండారని తెలుస్తుంది, ఏ మాటో తెలీదు. అట్లాంటోళ్ళకు వాల్యూము పెంచితే ఏమవుతుంది? అచ్చులు ఇంకా లావు అవుతాయి. రేకుల కప్పు, నున్నటి గోడలు ఉన్న హాల్లో ఆ లావు శబ్దం తిరిగి తిరిగి మోగుతుంది. ఉన్న కాస్త హల్లును కూడా అది మింగేస్తుంది.

అందుకే మా అత్త మాట వంద శాతం నిజం. మన కాలనీలో మైకుసెట్టు పెట్టేవాళ్ళు గోడమీద రాసుకోవాల్సిన మాట: గట్టిగా కాదు, తేటగా.

పాత అమరిక ఎట్లుండె

ఒకటే ఆంప్లిఫైరు. దానికి హాల్లో రెండు పెద్ద బాక్సులు, వరండాలో ఒకటి, పక్కనున్న ట్యూషను గదిలో ఒకటి, గేటుకాడ వీధికి తిప్పిన హారను ఒకటి. అన్నీ ఒకే వాల్యూములో మోగుతాయి. వరండాలో అవ్వలకు చాలలేదని పెంచితే ట్యూషను పిల్లోళ్ళు పుస్తకం మూసేస్తారు. వీధిలో మూడో షిఫ్టు ముగించి వచ్చి పగలు నిద్రపోయే మొగోడు లేచి వచ్చి తలుపు తడతాడు. వాళ్ళకోసం తగ్గిస్తే వరండా మళ్ళీ చెయ్యి ఊపుతుంది.

మైకు వైరు ఇరవై ఐదు మీటర్లు, రెండు తీగల మామూలు వైరు. స్టేజీ మీద ఫోనులోని పాటో, లాప్‌టాపులోని వీడియోనో వినిపించాలంటే ఇంకో పొడుగు వైరు నేలమీద పారేసేది. దాన్ని తొక్కి పడినవాళ్ళూ ఉండారు. ఎప్పుడూ గుయ్యిమని హమ్మింగు.

పండుగ చందాలో మిగిలిన డబ్బుతో నాలుగు జోన్ల మిక్సరు ఒకటి, గోడకు బిగించే ఇన్‌పుట్ ప్లేట్లు రెండు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి తెచ్చినాం. హోసూరుకు బెంగుళూరు నలభై కిలోమీటర్లే కదా. కంపెనీ పేరు, ధర రాయడం లేదు. ధర నెలకో తీరు మారుతుంది, పని తీరు అన్నింటిదీ ఒకటే. కృష్ణగిరి వైపు కాలనీల్లో కూడా హాళ్ళకు ఇట్లాంటివి పెట్టుకోవాలని అడుగుతున్నారు కాబట్టి మేము చేసిన వరుసలోనే చెప్తాను.

జోను అంటే ఏమి

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులో కూర్చునుంటాం. ప్రకటన వస్తే మన నెత్తిమీది బాక్సులోనుంచి మామూలు గొంతుతోనే వినపడుతుంది. అంత పెద్ద కట్టడానికంతా ఒకే పెద్ద హారను పెట్టి అరిపిస్తే ఎవరికీ ఏమీ తెలీదు. దూరంగా ఉన్న పెద్ద బాక్సుకన్నా దగ్గరున్న చిన్న బాక్సు మేలు. ఏ చోటికి ఏ శబ్దం, ఎంత పోవాలో వేరువేరుగా తిప్పుకునే ఏర్పాటుకే జోన్లు అంటారు.

మేము చేసిన మొదటి పని తీగ లాగడం కాదు, కాగితం మీద హాలు బొమ్మ గీయడం. ఒకటో జోను హాలు. రెండోది వరండా, భోజనాల చోటు. మూడోది ట్యూషను గది. నాలుగోది గేటు. మైకులు ఎక్కడ వాడతాం? స్టేజీ మీద రెండు. పాటలు, వీడియోలు ఎక్కడనుంచి? స్టేజీ పక్కన ఒక ప్లేటు, భోజనాల చోట ఒక ప్లేటు. మిక్సరు ఎక్కడ? తాళం ఏసే చిన్న గదిలో. బొమ్మ గీసినాకే ఎంత వైరు కావాలో తెలిసింది. అదీ కొలిచినదానికి రెండు మీటర్లు ఎక్కువ పెట్టుకుని కొన్నాం.

ఒక మాట గుర్తుంచుకోండి. మిక్సరు బాక్సులను నేరుగా మోగించదు. అది శబ్దాన్ని కలిపి, పంచి, ఒక్కో జోనుకు ఒక్కో ఆంప్లిఫైరుకు పంపిస్తుంది. నాలుగు జోన్లకు నాలుగు చిన్న ఆంప్లిఫైర్లు, లేదా నాలుగు చానళ్ళది ఒకటి ఉండాల. 100 వోల్టుల లైను బాక్సులైతే ఒక జోనులోని బాక్సుల వాట్లన్నీ కూడితే ఆ జోను ఆంప్లిఫైరు వాట్లకు లోపలే ఉండాల. కొంచెం మిగులు కూడా ఉంచండి.

మైకు కలపడం

మైకులోనుంచి వచ్చే శబ్దం చాలా చిన్నది. మామూలు డైనమిక్ మైకు అయితే వోల్టులో వెయ్యో వంతులు రెండో మూడో. ఫోను జాకులోనుంచి వచ్చేది దానికి వంద రెట్లకు పైనే ఉంటుంది. అందుకే మిక్సరు వెనక మైకుకు ఒక చోటు, లైనుకు ఒక చోటు వేరుగా ఉంటాయి. ఫోనును మైకు చోటులో పెడితే గరగరలాడి పగిలిపోతుంది. మైకును లైను చోటులో పెడితే ఏమీ వినపడదు. కొత్తగా కలిపినప్పుడు “మైకు చెడిపోయింది” అనుకునేదాంట్లో సగం ఇదే.

మైకు వైరుకు మూడు పిన్నుల ఎక్స్.ఎల్.ఆర్. కనెక్టరు వాడండి. ఒకటో పిన్నుకు అల్లిక, అంటే పైన చుట్టిన జాలీ. రెండోదానికి ఒక తీగ, మూడోదానికి ఇంకో తీగ. మిక్సరు వైపు స్క్రూలతో బిగించే పచ్చ కనెక్టరు ఉంటే దానిమీద గుర్తులు రాసి ఉంటాయి: ప్లస్సుకు రెండో పిన్ను తీగ, మైనస్సుకు మూడోది, గ్రౌండుకు అల్లిక. తీగను ఆరేడు మిల్లీమీటర్లకన్నా ఎక్కువ వొలవద్దు. ఒక్క వెంట్రుకంత తీగ పక్క స్క్రూకు తగిలినా మైకు చచ్చిపోతుంది.

మూడు తీగలెందుకు, రెండు చాలవా అని అడుగుతారు. ఒకే మాటను రెండు తీగల్లో తిరగేసి పంపిస్తాం. ఒకదాంట్లో పైకి పోతే ఇంకోదాంట్లో కిందికి పోతుంది. మిక్సరు ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది. దారిలో ట్యూబులైటుదో, మోటారుదో రొద పడితే రెండు తీగలమీదా సమానంగా పడుతుంది. తక్కెడ రెండు తట్టల్లోనూ ఒకే ఎత్తు దుమ్ము పడితే ముల్లు కదలదు కదా, అట్ల. రొద కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది. రెండు తీగల వైరులో ఈ సౌకర్యం లేదు. మా పాత హమ్మింగులో సగం వైరు మార్చగానే పోయింది.

కండెన్సరు మైకు అయితే దానికి మిక్సరునుంచి కరెంటు కావాల. ఫాంటమ్ అని రాసిన స్విచ్చు ఉంటుంది, మామూలుగా 48 వోల్టులు. డైనమిక్ మైకుకు అక్కరలేదు, ఆఫ్‌లోనే ఉంచండి. ఆ స్విచ్చు వేసేముందు వాల్యూము సున్నా చేయండి. లేకపోతే ఢమ్మని బాక్సు అదురుతుంది.

గోడ ప్లేటు కలపడం

ప్లేటు చూడటానికి స్విచ్చుబోర్డు మాదిరి ఉంటుంది. దానిమీద మైకుకు ఒక సాకెట్టు, ఫోనుకు లాప్‌టాపుకు ఒక జాకు, ఒక్కోదానికి ఒక్కో వాల్యూము నాబు. లోపల చిన్న సర్క్యూటు ఉంటుంది. ఫోను శబ్దాన్ని, మైకు శబ్దాన్ని అక్కడికక్కడే బలపరిచి, పైన చెప్పిన రెండు తీగల పద్ధతిలో మిక్సరుకు పంపిస్తుంది. బలహీనమైన శబ్దం పొడుగు వైరులో నడిస్తే రొద పట్టుకుంటుంది. బలపరిచి పంపిస్తే పట్టుకోదు. దాని మేలంతా ఇదే. ప్లేటుకు వేరే కరెంటు అక్కరలేదు. మిక్సరే అదే వైరులో చిన్న డి.సి. పంపిస్తుంది.

ఇందులో జాగ్రత్తలు నాలుగు.

ఒకటి, వైరు. జాలీ చుట్టిన మెలితీగల వైరు కావాల. మా ప్లేట్లకు కంప్యూటరు లాన్ కేబులే, కానీ జాలీ ఉన్న రకం. మామూలుగా వంద మీటర్లవరకు పోవచ్చని కంపెనీ కాగితాల్లో ఉంటుంది. మన హాళ్ళకు అది ఎక్కువే.

రెండు, లాన్ కేబులు వాడినంత మాత్రాన అది కంప్యూటరు లైను కాదు. ఆ కొసను ఇంటర్‌నెట్ డబ్బాలో గుచ్చవద్దు. అందులో డి.సి. ఉంది, రెండింటిలో ఏదో ఒకటి కాలిపోవచ్చు. మేము రెండు కొసలకూ ఎర్ర టేపు చుట్టి ‘ఆడియో’ అని రాసి పెట్టినాం.

మూడు, ఏ రంగు తీగ ఎక్కడ అనేది కంపెనీకో తీరు. మిక్సరుతో వచ్చిన కాగితం చూసి కలపండి, గుర్తుతో కలపవద్దు. మిక్సరు ఆఫ్‌లో ఉన్నప్పుడే కలపండి. కలిపినాక ఆ కాగితాన్ని పారేయకుండా ప్లాస్టిక్ కవరులో మిక్సరు పక్కనే వేలాడదీయండి. మనం పోయినాక ఇంకొకరు చూడాల కదా.

నాలుగు, కొన్ని మిక్సర్లలో ప్లేటు శబ్దం వచ్చే చోటూ, వెనక ఉన్న ఒక లైను సాకెట్టూ లోపల ఒకటే. ప్లేటు వాడితే ఆ సాకెట్టును ఖాళీగా వదిలేయాల. మేము అది తెలీక పాటల పెట్టె ఆడే గుచ్చి, ఒక పూటంతా ప్లేటు పనిచేయలేదని కొట్టుకుంటిమి.

ఇంకొకటి. ఈ వైర్లను కరెంటు వైర్ల పైపులోనే దూర్చవద్దు. వేరే పైపు వేయండి. కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, కూడలి మాదిరి దాటించండి. పక్కపక్కన పరిగెత్తించవద్దు.

హమ్మింగు, ఎర్తు, ప్రాణం

అన్నీ కలిపినాక కూడా లాప్‌టాపు పెడితే గుయ్యిమనింది. చార్జరు ఊడదీస్తే ఆగిపోయింది. కారణం ఏమంటే చార్జరుకు స్టేజీ సాకెట్టులో ఒక ఎర్తు, మిక్సరుకు చిన్న గదిలో ఇంకో ఎర్తు. రెండింటి మధ్య కొంచెం తేడా ఉంటే ఆ తేడా కరెంటు మన ఆడియో వైరు జాలీలోనుంచి పారుతుంది. మన కరెంటు సెకనుకు యాభైసార్లు తిరిగేది కాబట్టి అది గుయ్యిమని వినపడుతుంది.

దీనికి మనోళ్ళు చేసే వైద్యం నాకు తెలుసు. ప్లగ్గు ఎర్తు పిన్నును విరగ్గొట్టడం. హమ్మింగు ఆగుతుంది, నిజమే. కానీ ఆ దినంనుంచి ఎక్కడైనా లీకు అయితే కరెంటు పోవడానికి దారి ఉండదు. మైకు ఇనుప శరీరం పట్టుకుని, జాలీకి పెదాలు ఆనించి మాట్లాడేది మన పిల్లోళ్ళు, మన ఆడోళ్ళు. ఆ కరెంటు వాళ్ళలోనుంచి పోతుంది. సాకెట్టులో ప్లగ్గు లేకుండా వొలిచిన వైరు పెట్టి అగ్గిపుల్లతో బిగించేది కూడా అంతే. ఈ రెండూ మన హాల్లో ఎవరు చేసినా, వాళ్ళు ఎంత పెద్దోళ్ళైనా, ఆ దినం మైకు ఆపేయండి.

సరైన వైద్యం: మిక్సరు, ఆంప్లిఫైర్లు, స్టేజీ సాకెట్టు అన్నీ ఒకే లైను, ఒకే ఎర్తుమీద ఉండేట్లు వైరింగు చేయించడం. అది కుదరకపోతే లాప్‌టాపు జాకుకూ ప్లేటుకూ మధ్య ఆడియో ఐసోలేటరు అని చిన్న ట్రాన్స్‌ఫార్మరు డబ్బా దొరుకుతుంది, అది పెట్టడం. హాలుకు లీకు కరెంటును పట్టి ఆపే ఆర్.సి.సి.బి. స్విచ్చు లేకపోతే మైకుసెట్టుకన్నా ముందు అది కొనండి.

నాబులు తిప్పడం

మొదట మైకు గెయిను. మాట్లాడే మనిషిని మామూలు గొంతుతో మాట్లాడమని, ఎర్ర దీపం మినుకుమనేవరకు పెంచి, తర్వాత కొంచెం తగ్గించండి. దాన్ని ఇంక ముట్టుకోవద్దు. ఆపైన ఒక్కో జోనుకు మైకు ఎంత, పాట ఎంత అనేది వేరువేరు నాబులు. హాలుకు సగం, వరండాకు కొంచెం ఎక్కువ, ట్యూషను గదికి సున్నా, గేటుకు సున్నా. మైకుకు ప్రయారిటీ ఉంటే వేయండి. ఎవరైనా మాట్లాడితే పాట దానంతట అదే తగ్గుతుంది.

తర్వాత టోను. మనోళ్ళకు బేసు అంటే ఇష్టం, పాటలకు అది బాగుంటుంది. మాటకు మాత్రం అది శత్రువు. మైకుకు లోకట్ స్విచ్చు ఉంటే వేయండి, లేకపోతే బేసు నాబు ఎడమకు తిప్పండి. ట్రెబులు కొంచెం పెంచండి. హల్లులు ఉండేది ఆడే. ఎక్కువ పెంచితే కుయ్యిమని కూత మొదలవుతుంది.

కూత అంటే మైకు మాట బాక్సులోనుంచి వచ్చి మళ్ళీ మైకులోనే దూరడం. మైకు ఎప్పుడూ బాక్సులకు వెనకవైపే ఉండాల. వాడని మైకు ఆఫ్ చేయాల. ఎన్ని మైకులు తెరిచి ఉంటే అంత తొందరగా కూత వస్తుంది. నోటికీ మైకుకూ ఒక జానకన్నా తక్కువ దూరం ఉండాల. ఆ దూరం రెండింతలైతే మైకులోకి పోయే శబ్దం ఆరు డెసిబెల్సు పడిపోతుంది. అప్పుడు మనం గెయిను పెంచుతాం, కూత వస్తుంది. సిగ్గుపడి మైకును ఎడంగా పట్టుకునే ఆడపిల్లలకు ఇది చెప్పి దగ్గర పట్టించండి. వాళ్ళ గొంతు చిన్నదని కాదు, మైకు దూరమని.

రాత్రి పది దాటితే గేటు జోను ఎట్లాగూ మూయాల్సిందే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి పొద్దున ఆరువరకు బయట లౌడ్‌స్పీకరు కూడదు. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. కానీ మన కాలనీలో పగలే అర్ధరాత్రి అయ్యే ఇళ్ళు ఉండాయి. మూడో షిఫ్టు వాళ్ళకోసం చట్టం అడగకపోయినా మనం మూయాల. ఇప్పుడు అది ఒక నాబు పని.

పరీక్ష

అన్నీ అయినాక మా అత్తను పిలుచుకొచ్చి వరండాలో స్టేజీకి వీపు చేసి కూర్చోబెడితిని. పెదాలు చూడకూడదు కదా. పాత అమరిక ఇంకా ఊడదీయలేదు. దాంట్లో పది తేదీలు చదివితిని, వరసగా కాదు, కలగాపులగంగా. ఆమె పక్కన కూర్చున్న మనవరాలు ఆమె చెప్పింది రాసింది. పదికి ఐదు సరి. తర్వాత కొత్తదాంట్లో, పాతదానికన్నా తక్కువ వాల్యూములో, వేరే పది. తొమ్మిది సరి.

తప్పిన ఆ ఒక్కటి ఏదో చూస్తే మళ్ళీ అదే. పదిహేను అంటే ఆమె పదిహేడు అనింది.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మన ఇళ్ళలో పదిహేను అని ఎవరంటారు? పదైదు అంటాం. మైకు ముందుకు పోగానే పుస్తకం మాట పట్టుకుంటాం. పదిహేను, పదిహేడు రెండింటికీ తేడా ఒక్క హల్లు. చెవి దెబ్బతిన్నవాళ్ళకు ఆ ఒక్కటే అందదు. ఎంత మంచి మిక్సరు అయినా దాన్ని తెచ్చి చెవిలో పెట్టలేదు. అందుకని మన హాల్లో ఇప్పుడు ఒక కట్టుబాటు చేసుకున్నాం. తేదీ చెప్తే “పదైదు, ఒకటి ఐదు, బేస్తవారం” అని మూడు తీర్లుగా చెప్పాల. ఫలాని దినం అని చెప్పి, దాని పక్కనే స్టేజీ దగ్గరి నల్లపలక మీద పెద్ద అంకెలు రాయాల. ముఖం జనానికి కనపడేట్లు, మైకు నోటికి అడ్డం రాకుండా పట్టుకోవాల.

షెడ్డులో పనిచేసేవాళ్ళకూ, రిటైరైనవాళ్ళకూ ఒక మాట. “నాకు వినపడుతుంది కానీ తెలీదు” అనిపిస్తే ఇ.ఎస్.ఐ. డాక్టరుకు చెప్పి చెవి పరీక్ష రాయించుకోండి. గుసగుసగా అడగాల్సిన జబ్బు కాదు అది. పనిలో ఉన్న పిల్లోళ్ళు ఇయర్‌ప్లగ్గులు జేబులో కాదు, చెవిలో పెట్టుకోండి. పోయిన వినికిడి మైకుతో తిరిగి రాదు.

పోయిన ఆదివారం మళ్ళీ మీటింగు జరిగింది. వరండా నుంచి ఎవరూ చెయ్యి ఊపలేదు. నేను మిక్సరు గదినుంచి బయటికి వచ్చి అడిగితిని: “ఏమత్తా, ఈసారి తేదీ తెలిసిందా?”

“పలకమీద రాసినారు కదరా, చదువుకుంటి” అనింది. నా ముఖం చూసి నవ్వి, “వినపడింది కూడాలే” అనింది.

వచ్చే నెల తప్పకుండా ఫ్యాను రెగ్యులేటరు. మీ కాలనీ హాలు మైకుసెట్టు గురించి అడగాలనుంటే పత్రిక చిరునామాకు రాయండి. హాలు పొడుగు వెడల్పు, కప్పు రేకులా మిద్దెనా, ఎర్తు ఉందా లేదా, ఈ మూడూ రాయడం మరిచిపోవద్దు.